గంటలో కృష్ణ అవతలికి

"కడుపుతో ఉన్న పిల్ల నది దాటకూడదు. రైలైతే ఏంటి, రెక్కల బండైతే ఏంటి? నది నదే," అంది సుబ్బమ్మ.

పొద్దున లేచింది మొదలు ఆమె ఈ మాట ఎన్నిసార్లు అందో లెక్క లేదు. అన్న ప్రతిసారీ చేతిలో పని మాత్రం మారుతోంది. ఇప్పుడు ఒళ్ళో చేట ఉంది. రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు వెతుకుతోంది.

కోడలు నాగవేణి గుమ్మానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఏడో నెల. విజయవాడ ఆస్పత్రి నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పటి నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. తండ్రి వీరరాఘవయ్య గుండెకు రేపు పొద్దున్నే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. ఆయన చేయించుకోనంటున్నాడు. కూతురు పురుడు పోసుకున్నాకే ఏదైనా అని భీష్మించుకుని కూర్చున్నాడు. తనకు జరగరానిది జరిగితే ఆ కబురు కడుపుతో ఉన్న పిల్ల చెవిన పడకూడదట. గుండె అన్నాళ్ళు తట్టుకోదని డాక్టర్లు, తట్టుకుని తీరుతుందని ఆయన.

ఫోన్లో చెప్పబోతే వినడం లేదు. ఆయన వినేది ఈ భూమ్మీద కూతురి మాట ఒక్కటే. అదీ ఆమె ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి చెబితేనే.

"కర్నూలు నుంచి విజయవాడకు విమానం ఉండాదమ్మా," అన్నాడు నాగవేణి భర్త ప్రవీణ్‌కుమార్ ఫోన్ మీంచి తల ఎత్తకుండా. "ఓర్వకల్లులో ఎక్కితే గన్నవరంలో దిగేది. ఈ మధ్యాహ్నం ఒకటి ఉండాది. అది తప్పితే మళ్ళా ఎల్లుండే. సీట్లు రెండే మిగిలినాయి."

"ఎంతసేపు పడుతుందిరా?" అని అడిగాడు వాకిట్లో కుర్చీలో ఉన్న అతని తండ్రి సీతారామారావు.

"గంట."

"గంటా?"

"అంతే నాయనా. గాల్లో లెక్కేస్తే మూడు నూర్ల కిలోమీటర్లేనంట."

సీతారామారావుకు తెలిసిన గంటలో తాముండే కెంచనగుడ్డ నుంచి ఆదోని కూడా రాదు. పెళ్ళైన కొత్తలో కృష్ణ అవతల పొలం అమ్ముకుని, లారీలో ఎడ్లను, నాగలిని, ఇత్తడి బిందెలను, పక్కన భార్యను, తల్లిని ఎక్కించుకుని ఆంధ్ర సరిహద్దు దాటి వచ్చి ఈ కాలవ కింద దిగినవాడు. వచ్చేసరికి మూడో రోజయింది. ఆ లారీ దించిన చోటే కోస్తావాళ్ళు పది ఇళ్ళు వేసుకుంటే దాన్ని అందరూ క్యాంపు అన్నారు. ఇప్పుడు మేడలు లేచాయి, పేరు మాత్రం క్యాంపే.

"మధ్యలో నల్లమల ఉంది కదరా," అన్నాడు చివరికి, ఇంకేమనాలో తెలియక.

"పైనుంచి పోతాది. కొండతో దానికేం పని?"

"గంటలో," అని సీతారామారావు మళ్ళీ అనుకున్నాడు. ఈసారి అది ప్రశ్న కాదు. దండం పెట్టుకున్నట్టు అన్నాడు.

సుబ్బమ్మ చేట పక్కన పెట్టింది. "గంటలో పోయినా గడియలో పోయినా కృష్ణ మీంచే పోవాలిగా?"

"డాక్టరమ్మ చెప్పిందమ్మా. రైల్లో రాత్రంతా కూర్చుని పోతే కుదుపులకు కష్టం, విమానంలో గంటే కాబట్టి పోవచ్చని కాగితం కూడా రాసిచ్చింది."

"డాక్టరమ్మకు మన పద్ధతులు తెలుసా?"

"ఎవరు పెట్టినారమ్మా ఆ పద్ధతి?"

"నేను పెట్టలేదు. మీ నాయనమ్మ పెట్టింది. ఆవిడకు వాళ్ళత్త పెట్టింది."

"సుబ్బులూ," అన్నాడు సీతారామారావు మెల్లగా. "పంపిద్దాం. ఒక్కసారి ఆలోచించు."

"మీరు మాట్లాడకండి. మాట్లాడాల్సిన రోజున మాట్లాడలేదు."

పొలంలో కోత మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ రోజు వీడు నా కడుపులో ఉన్నాడు," అంది సుబ్బమ్మ. ఎవరి ముఖమూ చూడకుండా నేలతో చెబుతున్నట్టు చెప్పింది. "మా అమ్మ మంచాన పడి నన్ను చూడాలంటోందని కబురొచ్చింది. సంచి సర్దుకుని అరుగు మీద కూర్చున్నా. మీ అమ్మ వచ్చి, ఏడో నెల్లో కృష్ణ దాటుతావా అని అడ్డం నిలబడింది. నేను మీ వంక చూశా. మీరేం చేశారు? గొడ్లకు మేత వెయ్యాలని లేచిపోయారు."

సీతారామారావు తల వంచుకున్నాడు.

"సుబ్బులు ఏదీ, సుబ్బులు ఏదీ అని అడుగుతూనే పోయిందట. పదో రోజుకు కూడా పోలేదు నేను. అప్పుడు దాటకూడని నది ఇప్పుడు ఎలా దాటొచ్చు? చెప్పండి."

అదీ సుబ్బమ్మ బాధ. మూఢనమ్మకమని కొడుకు విసుక్కుంటాడు గానీ, అది అంత తేలికగా వదిలేది కాదు. ఆ నియమం ఉత్తదని ఈ రోజు తేలిపోతే, ఆనాడు తను తల్లిని పోగొట్టుకున్నది కూడా ఉత్తపుణ్యానికే అవుతుంది. ఆ నియమమనే తాళం కప్ప ఎంత తుప్పు పట్టినా ఆమె దాన్ని తియ్యనివ్వకపోవడానికి కారణం అది.

నాగవేణి అప్పుడు నోరు విప్పింది.

"అత్తయ్యా, మీరు వద్దంటే నేను వెళ్ళను. కానీ ఒక్క మాట. నేను పోక, మా నాన్న ఆపరేషన్ చేయించుకోక, ఆయనకేమైనా అయితే... ఈ బిడ్డను ఎత్తుకున్న ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది. వీడి వల్లే కదా చూడలేకపోయానని. అలా అనుకోకూడదని తెలుసు. అయినా అనుకుంటానేమోనని భయంగా ఉంది."

సుబ్బమ్మ చటుక్కున కొడుకు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

ప్రవీణ్ ఆ చూపును పట్టుకున్నాడు. ముప్పై రెండేళ్ళ మనిషి గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "నన్ను చూసినప్పుడు నీకూ అట్లే అనిపించేదా అమ్మా?"

సుబ్బమ్మ లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. చాలాసేపటికి జరీ అంచు చీర కట్టుకుని, పసుపు గుడ్డ మూట ఒకటి కొంగున ముడేసుకుంటూ బయటికి వచ్చింది.

"సీట్లు రెండన్నావుగా. నువ్వొద్దు. దానితో నేను పోతాను."

"నీకు విమానం గురించి ఏం తెలుసని?"

"నువ్వెన్నిసార్లు ఎక్కావురా?"

ప్రవీణ్ ఎప్పుడూ ఎక్కలేదు.

"దోషం ఏదైనా ఉంటే నా చేతుల మీదుగానే తగలనీ," అంది సుబ్బమ్మ. "నీ పెళ్ళాం మీద ఈగ వాలినా నన్నడుగు. కోత మిషన్ దగ్గర నువ్వుండు. దేవప్పను బండి తియ్యమను."

దేవప్ప కెంచనగుడ్డవాడు. వాళ్ళు తాతల కాలం నుంచీ ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఇంట్లో మిగతావాళ్ళు పొలం పనులకు పోతే ఇతను మాత్రం అద్దె కారు నడుపుతాడు.

"బేగ రాండమ్మా. ఆదోనిలో రైలు గేటు పడితే ఆయ్తు మన కథ," అంటూ కన్నడం కలిసిన మాటలతో తొందరపెట్టి, సంచులు డిక్కీలో పడేశాడు.

సిరుగుప్ప దాటి ఆదోని రోడ్డెక్కాక హగరి నది వంతెన వచ్చింది. "ఆపు దేవప్పా," అంది సుబ్బమ్మ. కొంగు ముడి విప్పి ఒక రూపాయి తీసింది. దారిలో తగిలే ప్రతి నదికీ ఒకటి చొప్పున పసుపు రాసి మూట కట్టుకొచ్చింది. నదిలో రూపాయి వేసి, దండం పెట్టి, దాటనివ్వమ్మా అని అడిగితే దోషం కొంతైనా తగ్గుతుందని ఆమె లెక్క.

కారు దిగి కిందికి చూసింది. మండుటెండలో ఎటు చూసినా ఇసుక. ఒక ట్రాక్టరు నది మధ్యలో నిలబడి ఉంది. గొర్రెలు అటు నుంచి ఇటు నడిచి వస్తున్నాయి.

సుబ్బమ్మ రూపాయి మళ్ళీ ముడేసుకుని కారెక్కింది. "నీళ్ళే లేవు. ఇది లెక్కలోకి రాదు. పోనీ."

"వానాకాలంలో వచ్చి చూడమ్మా, లెక్కలోకి వస్తాదో రాదో," అన్నాడు దేవప్ప.

నాగవేణికి నవ్వొచ్చింది. ఫోన్ వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. సుబ్బమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

"అమ్మా, నాకొక డౌట్ ఉండాది," అన్నాడు దేవప్ప కొంత దూరం పోయాక. "ఈడ నుంచి ఓర్వకల్లు పోయేకే మనకు మూడు గంటలైతాది. ఆడ నుంచి విజయవాడకు గంటంట. దూరం ఏదమ్మా మరి? ఇదా, అదా?"

సుబ్బమ్మ కొంగు ముడిలో రూపాయిలను మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ఓర్వకల్లులో బండరాళ్ళ మధ్య విమానాశ్రయం తళతళలాడుతోంది. సిరుగుప్ప బస్టాండులో ఉండే రద్దీలో పదో వంతు కూడా లేదు. తనిఖీ దగ్గర సుబ్బమ్మ తలుపులాంటి చట్రంలోంచి నడవగానే అది కూసింది. వెనక్కి పంపి మళ్ళీ నడిపించారు. మళ్ళీ కూసింది. ఖాకీ బట్టల్లో ఉన్న అమ్మాయి తెర వెనక్కి తీసుకెళ్ళి కొంగు ముడి చూపించమంది.

"ఏంటమ్మా ఇవి?"

"కృష్ణమ్మకు. కోడలు ఒట్టి మనిషి కాదు."

ఆ అమ్మాయి నవ్వుతుందేమోనని సుబ్బమ్మ చూసింది. నవ్వలేదు. రూపాయలను గుడ్డలో పెట్టి, తనే ముడి వేసి ఇచ్చింది. డాక్టరమ్మ కాగితం కూడా చూసి, నాగవేణి కూర్చోవడానికి కుర్చీ చూపించింది.

విమానం సుబ్బమ్మ అనుకున్నంత పెద్దది కాదు. రెక్కలకు చెరొక పంకా ఉంది. కొడుకు కొనిచ్చిన టేబుల్ ఫ్యాన్‌కు పెద్దన్నలా ఉందనుకుంది. కిటికీ పక్కన తను కూర్చుని, మధ్యదారి వైపు కోడల్ని కూర్చోబెట్టింది. బెల్టు పొట్ట కింది నుంచి పెట్టిందా లేదా అని తడిమి చూసింది.

అది పరుగెత్తి, ఒక్కసారిగా నేలను వదిలింది.

సుబ్బమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. గుండెలో ఉన్న దేవుళ్ళందరినీ వరసపెట్టి పిలిచింది. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. కాసేపటికి కోడలు చేతి మీద తట్టి, "చూడండి అత్తయ్యా" అంటే తెరిచింది.

కింద భూమి ఉంది.

అంతకంటే ఎలా చెప్పాలో ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ భూమి మీదే ఉంది, వంగి నాట్లు వేసింది, కలుపు తీసింది, దాని మీద కాపురం చేసింది. దాన్ని మాత్రం ఇప్పుడే చూస్తోంది. చేలు రంగు రంగుల గుడ్డముక్కలు కుట్టిన బొంతలా ఉన్నాయి. గట్ల కోసం తలలు పగలగొట్టుకున్న వాళ్ళు ఆమెకు తెలుసు. ఇక్కణ్ణించి ఒక్క గట్టూ కనిపించడం లేదు.

"ఏది మనది, ఏది కోస్తా?" అని అడిగింది.

"తెలీదు అత్తయ్యా. గీతలేం లేవు."

తర్వాత కొండలు మొదలయ్యాయి. కొండల వెనక కొండలు, వాటి వెనక ఇంకా కొండలు, ఎండకు మాడిన అడవి. నల్లమల. రైల్లో వచ్చినప్పుడు ఈ కొండల సొరంగాల్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. దీని అవతల ఉన్న పుట్టిల్లు వేరే లోకంలో ఉన్నట్టే ఉండేది. ఇప్పుడా నల్లమల ఆమె ఒళ్ళో ఉన్న సంచి కింది నుంచి మెల్లగా వెనక్కి జరిగిపోతోంది. సుబ్బమ్మ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. భయం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఎసరు పెట్టి, బియ్యం కడిగి పోసి, గంజి వార్చి, పప్పులో తాలింపు వేసేంత సేపు కూడా అయ్యిందో లేదో. విమానం కిందికి దిగుతోందని మైకులో చెప్పారు.

నాగవేణి కిటికీలోంచి తొంగిచూసి, "అత్తయ్యా, కృష్ణ," అంది.

సుబ్బమ్మ గబగబా ముడి విప్పింది. రూపాయి తీసి, మధ్యదారిలో వెళ్తున్న విమానం అమ్మాయిని పిలిచింది. "అమ్మాయ్, ఈ కిటికీ కాస్త తియ్యి. మళ్ళీ వేసేస్తాను."

నాగవేణికి సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగాడు.

"తెరుచుకోదు అమ్మా," అంది ఆ అమ్మాయి మర్యాదగా.

"కొంచెం కూడానా?"

"కొంచెం కూడా తెరుచుకోదు."

నది వెళ్ళిపోతోంది. సుబ్బమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. రూపాయిని కిటికీ అద్దానికి ఆనించి, నదికి చూపించింది. ఇదిగో తల్లీ, తెచ్చాను, ఇవ్వడానికి లేదు, తీసుకున్నట్టే అనుకో అని చెప్పుకుంది.

రూపాయి వెనక కృష్ణ మొత్తం కనపడకుండా పోయింది.

ఇసుక తిన్నెలు, వాటి మధ్య పాయలు, ఇవతలి గట్టు, అవతలి గట్టు, అన్నీ ఆ బిళ్ళ వెనకే ఉన్నాయి. ఆమె రూపాయి పక్కకు జరిపింది. నది కనిపించింది. మళ్ళీ పెట్టింది. నది లేదు.

సుబ్బమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఇంతేనా వేణీ?"

నాగవేణికి ఆమె ఏమడుగుతోందో వెంటనే అర్థం కాలేదు.

"మా అమ్మకూ నాకూ మధ్య ఉన్నది ఇంతేనా?"

అలా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వచ్చింది, కానీ అది ఒక్క ఏడుపే కాదు. దుఃఖంలోనే ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇంత నది, ఎక్కడి నుంచో వచ్చి ఇంకెక్కడికో పోతూ, ఒక్క చూపులో తనకు మొత్తం కనిపిస్తోంది. ఎవరికీ అడ్డం నిలబడినట్టు లేదు. దాని దారిన అది పోతోంది. అడ్డం నిలబడింది మనుషులే.

నాగవేణి అత్తగారి చేతిని తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది. సుబ్బమ్మ ఆ చేతిని విమానం నేలను తాకేదాకా తియ్యలేదు.

గన్నవరంలో బయటికి రాగానే నాగవేణి తమ్ముడు ఎదురొచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. అక్క చేతిలో సంచి అందుకున్నాడే గానీ ఆమె కళ్ళలోకి చూడలేదు.

"నాన్నకు తెలిసిపోయింది అక్కా. నోరు జారాను. నువ్వొస్తున్నావంటే సంతోషిస్తాడనుకున్నా."

"ఏమన్నాడు?"

"సెలైన్ పీకేసుకున్నాడు. ఏడో నెల పిల్ల కృష్ణ దాటి వస్తుందా, దాన్ని వచ్చిన విమానంలోనే తిప్పి పంపు, లేకపోతే నేను ఇంటికి పోతానంటున్నాడు. నిన్ను గదిలోకి రానివ్వద్దని నర్సుకు కూడా చెప్పాడు."

నాగవేణి అక్కడే స్తంభానికి ఆనుకుంది. ఏ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చిందో ఆ మాటకు ఇప్పుడు తలుపే మూసుకుపోయింది. ఆమె ముఖంలో రంగు పోవడం సుబ్బమ్మ చూసింది.

తమ్ముడి ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి వీరరాఘవయ్యే. తమ్ముడు ఎత్తడానికి జంకాడు. నాగవేణి చెయ్యి చాపింది. ఆమె కంటే ముందు సుబ్బమ్మ అందుకుంది.

"ఎక్కడుందిరా అది?" ఆయాసంతో కూడిన గొంతు. "వాళ్ళ అత్తగారికి తెలిసే పంపిందా? పద్ధతి తెలిసిన మనిషి కదా ఆవిడ."

"నేనే అన్నయ్యగారూ, సుబ్బమ్మను. నేను పంపలేదు. వెంటబెట్టుకుని తీసుకొచ్చాను."

"మీరు కూడానా చెల్లెమ్మా," అన్నాడు. కోపం కంటే అందులో నొప్పే ఎక్కువ ఉంది. "మీరే కృష్ణ దాటించారా?"

"దాటించాను. కళ్ళు తెరుచుకుని, చూస్తూ దాటించాను. పిల్ల బాగుంది. లోపల బిడ్డ కదులుతోంది. ఇంతసేపూ నా చెయ్యి దాని మీదే ఉంది."

"ఏమైనా అయితే?"

"మా అమ్మ నన్ను చూడాలని అడుగుతూ అడుగుతూ పోయింది. కృష్ణ అడ్డమని నేను రాలేదు. ఇన్నేళ్ళూ అది చాలా పెద్దదనుకున్నాను అన్నయ్యగారూ. నేను రాలేకపోయానంటే అది అంత పెద్దదే అయి ఉండాలనుకున్నాను. ఇప్పుడు పై నుంచి చూశాను."

ఫోన్లో ఆయన ఊపిరి వినిపిస్తోంది. నాగవేణి, తమ్ముడు ఇద్దరూ ఆమె ముఖమే చూస్తున్నారు.

ఆ నది ఒడ్డునే పుట్టి, దాని నీళ్ళలోనే ఈత నేర్చినవాడు వీరరాఘవయ్య. ఆయన గొంతు తగ్గించి, పిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"ఎంతుంది చెల్లెమ్మా కృష్ణ?"

సుబ్బమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మీ ఎదురుగా కూర్చుని చెబుతాను. పిల్ల కూడా చెబుతుంది. మమ్మల్ని లోపలికి రానిస్తారా?"

ఆయన ఫోన్ పెట్టెయ్యకుండానే పక్కకు తిరిగి అన్నాడు. "నర్సమ్మా, పిల్ల వస్తే ఆపకు."